తొక్కని మిషన్

ఆ ఎండాకాలమంతా నేను జనాన్ని కదలొద్దని బతిమాలుకుంటూ గడిపాను.

నా ఉద్యోగం అలాంటిది. ఒక మూడుకాళ్ళ ఇనుప పెట్టె, ఒక గొడుగు, ఒక నోటుపుస్తకం. పెట్టె తాబేలంత ఉంటుంది కాబట్టి ఆఫీసులో అందరం దాన్ని తాబేలనే అనేవాళ్ళం. దాన్ని ఎవరి వరండాలోనో, ఎవరి దుకాణం నేల మీదో పెట్టి, పైనున్న నీటిబుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళు తిప్పి సరిచేసి, ఇరవై నిమిషాలు ఊరుకోవాలి. ఆ ఇరవై నిమిషాలూ దగ్గర్లో ఎవరూ నడవకూడదు, దేన్నీ దంచకూడదు, తలుపులు దబాలున వేయకూడదు. "ఊపిరి పీల్చుకోవచ్చా తల్లీ, దానికీ పర్మిషన్ కావాలా?" అని అడగని ఇల్లు లేదు. పీల్చుకోండి గానీ కూర్చుని పీల్చుకోండి, అనేదాన్ని.

ఊరి మొత్తం మీద రెండొందల పన్నెండు చోట్లు. భూకంపం వస్తే ఏ వీధిలో నేల ఎక్కువ ఊగుతుందో, ఎక్కడ తక్కువ ఊగుతుందో వానలు మొదలయ్యేలోగా పటం గీసి ఇవ్వాలి. మా ఆఫీసు పెద్దాయన్ని అందరూ మట్టిసారు అనేవారు. రిటైరవడానికి ఏడాది ఉంది. ఆయన జేబులో పెన్ను లేకపోయినా ఒక మట్టిబెడ్డ మాత్రం ఉండేది. ఉద్యోగంలో చేరిన రోజునే నాకు మొత్తం పాఠం చెప్పేశారు.

"నేల ఎప్పుడూ ఊరికే ఉండదమ్మా. లారీలు, గాలి, ఎక్కడో ఉన్న సముద్రం, అన్నీ కలిసి దాన్ని సన్నగా వణికిస్తూనే ఉంటాయి. మనకి తెలీదు, తాబేలుకి తెలుస్తుంది. ఒక్కో నేలకి ఒక్కో లయ ఇష్టం. రాతినేలకి అసలు ఊగడమే ఇష్టం ఉండదు. మెత్తటి నేల ఊయల లాంటిది. ఊయల దాని లయలో అది వస్తున్నప్పుడు చిటికెనవేలితో తోసినా ఎంతెత్తు పోతుందో చూశావుగా?"

"చూశాను సార్."

"ఇళ్ళకీ ఒక లయ ఉంటుంది. ఉజ్జాయింపుగా అంతస్తుకి సెకనులో పదోవంతు అనుకో. కింద నేల ఒక్క ఊపు ఊగడానికి పట్టే టైమూ, పైన ఇల్లు ఊగడానికి పట్టే టైమూ ఒకటే అయ్యాయనుకో, ఇంక భూకంపం చిన్నదా పెద్దదా అని అడక్కు. నేల తోస్తుంది, ఇల్లు ఊగుతుంది, మళ్ళీ సరిగ్గా అదే క్షణానికి తోస్తుంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో ముందే చెప్పడమే మన పని."

పాఠం నాకు బాగానే ఎక్కింది. మా ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికే అది దిగిపోయింది.

*

మాది రెండంతస్తుల ఇల్లు. కింద హాలు, వంటగది, పైన రెండు గదులు. హాల్లో కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషన్. కాలితో తొక్కేది. అన్నయ్యనీ నన్నూ ఆ మిషనే పెంచిందని చెప్పాలి. నేను దాని పక్కన చాపేసుకుని పడుకుని చదువుకున్నదాన్ని. అమ్మ తొక్కుడు నా ఒంట్లో ఉంది. ఒకసారి ఎవరిదో వాచీ అడిగి తెచ్చుకుని లెక్కపెట్టాను కూడా: పొడుగు కుట్టు వేసేటప్పుడు నిమిషానికి నూటయాభై, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. అప్పట్లో అమ్మ కొలతల టేపు మెడలో వేసుకుని పిల్లి తోకతో సహా ఇంట్లో అన్నిటినీ కొలిచేదాన్ని. అందుకే అన్నయ్య ఇప్పటికీ నన్ను టేపు అనే పిలుస్తాడు.

ఆ ఏడు అమ్మకి మోకాలు ఆపరేషన్ అయింది. ఆరు నెలలు మిషన్ తొక్కొద్దన్నాడు డాక్టరు. అమ్మా వినేది! కుట్లు విప్పిన మర్నాడే పక్కింటావిడ లంగా అంచు కుడుతూ దొరికిపోయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తర్వాత అరిచాను. ఆ తర్వాత ఏడ్చాను. ఏడుపు పనిచేసింది.

"సరేలేవే, ఏడవకు. ముట్టుకోను. ఇదే మాట," అంది అమ్మ. మిషన్ మీద నేల దాకా వేలాడేలా పాత దుప్పటి కప్పేసింది.

ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంటుందని నాకు రవ్వంత నమ్మకం కూడా లేదు. అది ముందే చెప్పేయడం మంచిది.

నూట నలభై ఏడో చోటు మా ఇల్లే పడింది. మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్న వేళ తాబేలుని హాలు నడిమధ్య పెట్టి, అమ్మని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, వీధిలో ఎవరూ బళ్ళు నడపకుండా చూడ్డానికి నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఇరవై నిమిషాల తర్వాత లోపలికొచ్చి పెట్టె మీదున్న తెర చూశాను. నేల అడ్డంగా ఊగే ఊపుల్ని చూపే గీత ఒకచోట గుట్టలా లేచి ఉంది. అక్కడ ఊపులు సెకనుకి రెండున్నర.

సెకనుకి రెండున్నర అంటే నిమిషానికి నూటయాభై.

"అమ్మా, తొక్కావు కదూ?"

"ఏంటే తొక్కేది?"

"మిషన్."

"లేదే. నువ్వు చెప్పినట్టే కుక్కిన పేనులా కూర్చున్నా. దోమ కుట్టినా కదల్లేదు, ఇదిగో చూడు." చెయ్యి చాపి దద్దురు చూపించింది.

"నీ కాలు నాకు తెలీదా అమ్మా? ఇది నీ తొక్కుడే."

"నా తొక్కుడులా ఉంటే మాత్రం నేను తొక్కినట్టేనా?"

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టేశాననుకున్నాను. నోటుపుస్తకంలో ఆ వరస మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన కారణం రాశాను: అమ్మ, మిషన్.

"పోనీ మళ్ళీ పెట్టు ఆ తాబేలుని," అంది అమ్మ. "నేను వీధిలోకి పోయి నిలబడతా. అప్పుడైనా నమ్ముతావుగా?"

"ఇంకా అరవై అయిదు చోట్లున్నాయమ్మా. నాకంత తీరిక లేదు."

దుప్పటి ఎత్తి చూడాలన్న బుద్ధయినా పుట్టలేదు నాకు. ఆ సాయంత్రం అమ్మ నాతో మాట్లాడలేదు. తప్పు చేసి పైగా అలకా, అనుకున్నాను.

*

ఆ ఎండాకాలం మా ఇంట్లో అంతా వానల గురించే మాట. నా పటానికి వానలే గడువు. అన్నయ్య స్లాబుకీ వానలే గడువు. వదిన నెలలు నిండడానికీ వానలే గడువు.

అన్నయ్య మేస్త్రీ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి వదిన కడుపు పండింది. ఊరి ఆ చివర ఒక్క గది అద్దెకి తీసుకుని ఉంటున్నారు. బిడ్డ పుట్టేసరికి అందరం ఒక్క కప్పు కింద ఉండాలని వాడి పట్టుదల. మా ఇంటి మీద ఇంకో రెండంతస్తులు వేస్తానన్నాడు. ఊళ్ళో వాళ్ళకి కట్టీ కట్టీ చేతులు కాయలు కాసినవాడు, అమ్మకి కట్టడానికి ఆకాశం అంచుదాకా వెళ్ళేలా ఉన్నాడు.

"మూడోది మాది. నాలుగోది మన టేపుది," అన్నాడు ఒక ఆదివారం, హాల్లో అన్నం తింటూ.

"నాకెందుకురా అంతస్తు?"

"రేపు నిన్ను కట్టుకునేవాణ్ణి తీసుకెళ్ళి అక్కడే కట్టేస్తాం. లేకపోతే నీ నోటికి వాడు రెండో రోజే పారిపోతాడు."

వదిన నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. "నవ్వించకండి, లోపల తంతున్నాడు," అంది. అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆ పొట్ట వంక అలా చూస్తూ ఉండిపోయాడు. అంత పెద్ద మనిషి మొహం అంత చిన్నపిల్లాడి మొహంలా అవుతుందని అప్పటిదాకా నాకు తెలీదు.

తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమే టేపూ, ఊళ్ళో అందరి నేలా చూస్తున్నావు. మన నేల ఏమంటోంది?"

"చుట్టూ నాలుగు చోట్ల కొలిచాను. అన్నీ గట్టినేలే. మనది అమ్మ పాడుచేసింది గానీ, భయం లేదు."

"నేను పాడుచేయలేదు," అంది అమ్మ వంటగదిలోంచి.

"గట్టినేలో కాదో నన్నడిగితే నేను చెప్పనా?" అన్నాడు అన్నయ్య. "ఈ ఇంటికి పునాది తవ్వింది నేనే కదా. ఆరడుగులూ ఇటుకముక్కలే. పారలు వంగిపోయాయి. ఇంత గట్టినేల ఊళ్ళో ఇంకెక్కడా లేదు."

ఇద్దరం పనిమంతులం. ఇద్దరం కలిసి ఒకరి తప్పుకి ఒకరం సున్నం వేసుకున్నాం. వారంలో మేడ మీదికి ఇనుపచువ్వలు ఎక్కాయి.

*

రెండొందల పన్నెండూ పూర్తయ్యాక మట్టిసారు నా నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఒక్కో వరస మీదా వేలు పెట్టి చదవడం ఆయన అలవాటు. ప్రాణం విసుగెత్తిపోతుంది. నూట నలభై ఏడు దగ్గర వేలు ఆగింది.

"అమ్మ, మిషన్. ఏమిటమ్మా ఇది?" అని నవ్వారు.

చెప్పాను. మోకాలు, మిషన్, నూటయాభై, దోమ దద్దురు, అన్నీ. ఆయన చాలాసేపు నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటున్నప్పుడే నవ్వు తగ్గిపోయింది.

"తొక్కావా అని మీ అమ్మని అడిగావా?"

"అడిగాను సార్. లేదంది."

"మరి?"

"అబద్ధం చెప్పుంటుంది సార్. మీకు మా అమ్మ సంగతి తెలీదు."

"నాకు మీ అమ్మ తెలీదు. నిజమే. నాకు తెలిసింది ఇది." తెర మీద ఆ గుట్టని చూపించారు. "మోటారయితే సూదిలా నిలబడుతుంది. ఇది గుట్టలా ఉంది. మనిషి కాలు కూడా ఇలాగే గుట్టలా రావచ్చు, కాదనను. కానీ నేల కూడా ఇలాగే వస్తుంది. పెట్టె సాక్ష్యం తీసుకున్నావు. అమ్మ సాక్ష్యం ఎందుకు తీసుకోలేదు?"

పోయి మళ్ళీ పెట్టి రమ్మన్నారు.

మర్నాడు అన్నయ్య అమ్మని మోకాలు చూపించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇల్లు ఖాళీ. ఈసారి ఏ అనుమానానికీ చోటివ్వకూడదని, ముందు మిషన్ బెల్టు ఊడదీద్దామని దుప్పటి ఎత్తాను.

బెల్టు లేదు. చక్రానికీ తొక్కుడుబల్లకీ మధ్య సాలెగూడు ఉంది. నిన్నామొన్నటిది కాదు. దాంట్లో ఒక ఎండిపోయిన దోమ, కొంచెం దూది, బోలెడు దుమ్ము.

బెల్టు ఎక్కడుందా అని సొరుగు లాగాను. చుట్ట చుట్టి లోపల పెట్టి ఉంది. దాని కింద చిన్న చిన్న చొక్కాలు. నా అరచేతి కంటే కొంచెం పెద్దవి, తొమ్మిదో పదో. ఒకదాన్ని తిరగేసి చూశాను. కుట్టంతా చేత్తో వేసింది. మిషన్ మీద గంటలో అయిపోయే పనికి ఎన్ని మధ్యాహ్నాలు పట్టి ఉంటాయో. అమ్మకి దగ్గరి చూపు సరిగా ఆనదు. అక్కడక్కడా కుట్టు పక్కకి పోయి, విప్పి మళ్ళీ వేసిన గుర్తులున్నాయి.

తాబేలుని నేల మీద పెట్టి, బుడగ సరిచేసి, మీట నొక్కి, గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు కదలకూడదు. ఊళ్ళో రెండొందల ఇళ్ళవాళ్ళకి చెప్పిన మాట నాకూ వర్తిస్తుంది. కళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి ఎత్తలేదు. ఎదురుగా ఆ సాలెగూడు, ఒళ్ళో ఆ చొక్కా. అమ్మని దొంగని చేసి పుస్తకంలోకి ఎక్కించాను. ఆఫీసు పుస్తకంలోకి.

టైమయ్యాక తెర చూశాను. సెకనుకి రెండున్నర. అదే గుట్ట, అదే చోట.

లెక్క వేయడానికి కాగితం అక్కర్లేదు. ఒక్క ఊపుకి సెకనులో నాలుగు పదోవంతులు. నాలుగంతస్తులు.

పైన మేడ మీద గాలికి చువ్వలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. ఎల్లుండి స్తంభాలకి కాంక్రీటు పోయడం.

*

సాయంత్రం మేడెక్కాను. అన్నయ్య చువ్వలకి తీగ చుడుతున్నాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకుని, చెయ్యి పట్టుకుని ఒక మూలకి లాక్కెళ్ళాడు. పిట్టగోడ మీద బొగ్గుతో ఒక ఇంటూ గుర్తు వేసి ఉంది.

"సరిగ్గా దీనికి సూటిగా, పై స్లాబులో ఊయల కొక్కెం వస్తుంది. కిటికీ ఇటు, గాలి ఇటు. మీ వదినకి కూడా చెప్పలేదు. నీకే మొదట."

అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. చెప్పక తప్పదు.

"అన్నయ్యా, ఇది ఆపాలిరా."

ముందు హాస్యం అనుకున్నాడు. మొత్తం చెప్పేసరికి మొహం ఎర్రబడింది.

"చుట్టూ గట్టినేలే అన్నది నువ్వు కాదూ? భయం లేదన్నది నువ్వు కాదూ?"

"నేనే. అమ్మ తొక్కిందనుకున్నా. తొక్కలేదు. అది మన నేల. మన నేల అమ్మ కాలులా ఊగుతోంది. రెండంతస్తులైతే దాని లయకి దూరంగా ఉన్నాం. నాలుగయితే సరిగ్గా దాని నోట్లో ఉంటాం."

"ఈ పెట్టెలూ గుట్టలూ నాకు చెప్పకు. ఈ చేతుల్తో తవ్వాను ఈ నేలని. ఆరడుగులు! ఆరడుగులూ ఇటుకముక్కలు!"

"ఇటుకముక్కలు నేలలో ఎందుకుంటాయి అన్నయ్యా?"

"ఎందుకుంటాయంటే..." అని ఆగిపోయాడు.

చేతిలో తీగ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఇటుక మీద ఇటుక పేరుస్తున్న మనిషి. ఇటుకలు నేలలో మొలవవని వాడికి నేను చెప్పాలా?

"ఎవరో పూడ్చారు," అన్నాడు చివరికి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "ఇక్కడ మట్టి తవ్వుకుని ఇటుకలు కాల్చారు. కాల్చి, విరిగినవన్నీ తెచ్చి గోతిలోనే పోశారు. నేను ఆ ముక్కల మీద నిలబడి, అబ్బ ఎంత గట్టినేల అనుకున్నా."

ఇటుకల దొంతర మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"మేస్త్రీనే నేను," అన్నాడు. "ఊరందరికీ కట్టాను. నా బిడ్డకి ఒక గది కట్టలేకపోతున్నానే టేపూ."

వాడి భుజం మీద తల పెట్టి ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. తర్వాత ఇద్దరం ముక్కులు తుడుచుకుని కిందికి దిగాం, దిగేటప్పుడు మెట్ల మీద వాడు గోడ తట్టి చూస్తూ దిగాడు.

సోమవారం మట్టిసారు బోరుమిషన్ తెప్పించి పెరట్లో రంధ్రం వేయించారు. మొదటి ఎనిమిదడుగులు ఇటుకముక్కలు. ఆ కింద బూడిద, బురద, మళ్ళీ బూడిద. ఒకచోట కొట్టకుండానే గొట్టం తన బరువుకి తానే దిగిపోయింది. గట్టినేల తగిలేసరికి నలభై అడుగులు. మా ఇల్లు, వెనక వీధిలో ఒక వరస, అన్నీ ఆ పాత గోతి మీదే ఉన్నాయి. చిక్కుడుగింజ ఆకారం. దాన్ని పటంలో ఎర్రగా వేశాను. "సొంత ఇంటికే ఎర్రరంగు పూసుకున్న పిచ్చిది" అని వీధిలో పేరొచ్చింది. వెనక వీధిలో నాలుగంతస్తుల భవనం యజమాని అయితే ఆ రంగు తీయించమని ఆఫీసుకే వచ్చాడు. మట్టిసారు ఆయనకి టీ ఇప్పించి, బోరులోంచి వచ్చిన బురద సీసా చేతికిచ్చి పంపించారు.

*

అమ్మకి క్షమాపణ చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఎప్పుడూ చెప్పి ఎరగరు. మాటలు రావు. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని నోటుపుస్తకం తెరిచాను. పాత గీత పక్కన కొత్తగా రాసింది వేలు పెట్టి చదివి వినిపించాను.

"నూట నలభై ఏడు. కొట్టివేత తప్పు. అమ్మ తొక్కలేదు."

"సంతకం ఏదీ?" అంది అమ్మ.

"ఇదిగో, నాది. పక్కన మట్టిసారుది."

"ఆయన కూడా పెట్టాడా?" కళ్ళు చికిలించి చూసింది. చిక్కుడుకాయ ఒకటి ఒలిచింది, ఇంకోటి ఒలిచింది. "చెప్తే నమ్మవు కదే నువ్వు. పెట్టెలు పెట్టి కొలుచుకోవాలి."

"ఇంకెప్పుడూ అలా చేయనమ్మా."

"చేస్తావు. నీ బుద్ధి నాకు తెలీదా? కానీ ఈ ఒక్కసారికి నిజమే చెప్పాను, అది రాసుకున్నావు, చాలు." గిన్నె నా వైపు జరిపింది. "ఇవి కూడా ఒలువు."

అదే రాత్రి భోజనాల దగ్గర ఇంటి సంగతి తేల్చింది కూడా ఆవిడే. పెద్ద మాటలేం లేవు. మేడ మీద గదులు రెండూ అన్నయ్యకీ నాకూ చెరొకటి, తను మెట్లెక్కలేదు కాబట్టి హాలే తనది, మిషన్ కూడా తన పక్కనే, అంది.

"నాకు మేడ వద్దు అత్తయ్యా," అంది వదిన. "ఈ పొట్టతో నేను మాత్రం ఎక్కగలనా? బిడ్డ పుట్టాక ఆర్నెల్లు నేనూ మీతో హాల్లోనే పడుకుంటా. ఈయన్ని పైకి తోలేయండి, గురక తప్పుతుంది."

"నా ఇంట్లో నాకే చోటు లేదన్నమాట," అన్నాడు అన్నయ్య. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

చువ్వలు కోసేసింది వాడే. కూలీలని పెట్టలేదు. మట్టిసారు చెప్పినట్టు ఆ ఇనుమునే పాత గోడల మూలలకి పట్టీలుగా కట్టి పూత పూశాడు. బరువు తగ్గాలని మేడ మీద పేర్చిన ఇటుకలన్నీ దింపేశాడు. ఊయల కొక్కెం హాలు దూలానికి బిగించాడు, అమ్మ మిషన్‌కి రెండు గజాల దూరంలో. నేను టేపు పెట్టి కొలిచాను.

*

మొదటి వానతో పాటే మేనకోడలు పుట్టింది. తంతున్నాడు, తంతున్నాడు అని తొమ్మిది నెలలూ అన్నాం, తన్నింది అది. చేతికుట్టు చొక్కాలు సరిగ్గా సరిపోయాయి. అమ్మకి ఆరు నెలల గడువు తీరింది. రోజుకి అరగంట తొక్కొచ్చన్నాడు డాక్టరు. ఆ అరగంట కోసం ఆవిడ పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

పటం ఇచ్చేసిన మూడు వారాలకి భూకంపం వచ్చింది. చిన్నదే, ఎక్కడో దూరాన పుట్టింది. ఊళ్ళో చాలామందికి తెలియనే లేదు. వెనక వీధిలో ఆ నాలుగంతస్తుల భవనానికి మాత్రం కింది స్తంభాలు రెండు చిట్లి, మెట్లగోడ పైనుంచి కిందిదాకా చీలింది. పగటిపూట కావడంతో అందరూ బయటపడ్డారు. మా ఇంట్లో కాస్త సున్నం రాలింది. పేపర్లో వచ్చింది అంతవరకే. మా హాల్లో జరిగింది పేపర్లో రాలేదు.

సాయంత్రం నాలుగు గంటలు. బయట సన్నగా వాన. పాప ఊయల్లో నిద్రపోతోంది. వదిన వంటగదిలో పాలు కాస్తోంది, అన్నయ్య పనిలోంచి ఇంకా రాలేదు. అమ్మ తన అరగంట కోసం మిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను వీపు అటు పెట్టి నేల మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను.

మొదలైంది. మిషన్ మీద బొత్తాల డబ్బా గలగలలాడింది. కత్తెర బల్ల మీద టకటకమంది. నేలలోంచి నా తొడల్లోకి ఆ లయ వచ్చింది. పుట్టినప్పట్నుంచీ నా ఒంట్లో ఉన్న లయ, నిమిషానికి నూటయాభై.

"అత్తయ్యా, నెమ్మదిగా తొక్కండి, పాప లేస్తుంది!" అని వంటగదిలోంచి వదిన కేకేసింది.

వెనక్కి తిరిగాను. అమ్మ కుర్చీలో వెనక్కి ఒరిగి, కొత్త మోకాలితో సహా రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి పట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని నా వంకే చూస్తోంది.

"నేను కాదే," అంది.

"తెలుసమ్మా," అన్నాను, అప్పటికే పాపని ఎత్తుకుని.